మిడ్‌సైజ్ ట్రక్కా, ఫుల్‌సైజ్ ట్రక్కా? ముందు డోరు తీసి ఆ స్టిక్కర్ చదవండి

నాకు తెలిసినవాళ్ళలో పికప్ ట్రక్కు కొందామనుకునేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒకరు డాలస్ బయట రెండెకరాలు కొన్నామంటారు, ఒకరు పిల్లలతో క్యాంపింగ్ మొదలుపెట్టాం ట్రైలర్ లాగాలంటారు, ఇంకొకరు వచ్చినప్పట్నుంచీ క్యామ్రీలూ అకార్డులే నడిపాం ఒక్కసారైనా ట్రక్కు నడపాలని ఉందంటారు. అందరూ చివరికి అడిగేది మాత్రం ఒకటే, టకోమా లాంటి మిడ్‌సైజ్ తీసుకోవాలా లేక ఎఫ్-150 లాంటి ఫుల్‌సైజ్ తీసుకోవాలా అని. దీనికి బయట దొరికే సమాధానాలన్నీ హార్స్‌పవర్ చుట్టూ, టోయింగ్ నంబర్ల చుట్టూ తిరుగుతుంటాయి. నన్నడిగితే అసలు తేడా అక్కడ లేదు. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు, మీ గరాజ్ లోపల ఎంత లోతుంది, డ్రైవర్ డోరు తీస్తే పక్కన అంటించి ఉండే స్టిక్కర్ మీద ఎన్ని పౌండ్లు రాసి ఉంది, ఈ మూడూ తేల్చుకుంటే మిగతా నిర్ణయం చాలావరకు దానంతటదే అయిపోతుంది.

ముందు ఏది ఏ కేటగిరీయో ఒకసారి చూద్దాం. మిడ్‌సైజ్ అంటే టయోటా టకోమా, షెవీ కొలరాడో, దాని జీఎంసీ వెర్షన్ క్యానియన్, ఫోర్డ్ రేంజర్, నిస్సాన్ ఫ్రాంటియర్, హోండా రిడ్జ్‌లైన్, జీప్ గ్లాడియేటర్. ఫుల్‌సైజ్ అంటే ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో 1500, జీఎంసీ సియెరా 1500, రామ్ 1500, టయోటా టండ్రా. వీటినే హాఫ్ టన్ అని కూడా అంటారు, ఆ పేరు పాతకాలంలో అవి మోయగలిగే బరువును బట్టి వచ్చింది, ఇప్పుడు అన్నీ అంతకంటే చాలా ఎక్కువే మోస్తాయి కాబట్టి ఆ పేరు పట్టుకుని లెక్కలు వెయ్యకండి. వీటికి పైన 2500, 3500 హెవీ డ్యూటీ ట్రక్కులున్నాయి, అవి వేరే లోకం, ఇక్కడ వాటి జోలికి వెళ్ళట్లేదు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి సైజు అర్థమవ్వాలంటే, మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2022లో ఇండియాలో లాంచ్ అయిన టయోటా హైలక్స్, ఇవి రెండూ 5.3 మీటర్ల పొడవుంటాయి. హైదరాబాద్ రోడ్ల మీద అవి భారీగా కనిపిస్తాయి కదా, అమెరికాలో అది మిడ్‌సైజ్ లెక్క. ఫుల్‌సైజ్ క్రూ క్యాబ్, అంటే నాలుగు డోర్లదీ వెనక పూర్తి సీటున్నదీ, 5.9 మీటర్ల దాకా పోతుంది.

ఇంజిన్ విషయం మొదట్లోనే తేల్చేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. ఇప్పటి టకోమాలో ఐ-ఫోర్స్ మ్యాక్స్ అనే హైబ్రిడ్ ఇంజిన్ ఉంది, దాని టార్క్ 465 పౌండ్-ఫీట్, హార్స్‌పవర్ 326. ఎఫ్-150లో వచ్చే 2.7 లీటర్ ఈకోబూస్ట్ టార్క్ 400, హార్స్‌పవర్ 325. అంటే కాగితం మీద మిడ్‌సైజే గట్టిది. మరి లాగే బరువు చూస్తే ఆ టకోమా హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పేది 6,000 పౌండ్ల దగ్గర, ఆ 2.7 ఎఫ్-150కి సరైన ప్యాకేజీతో 8,000 పైనే. ఇంజిన్ బలం తక్కువైనా ఎక్కువ లాగుతోందంటే మిగతా బండి వల్లే, ఫ్రేమ్, యాక్సిల్స్, బ్రేకులు, రేడియేటర్, వీల్‌బేస్, బండి సొంత బరువు. ఎఫ్-150 క్రూ క్యాబ్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 145 ఇంచులు, మిడ్‌సైజుల్లో 130 అటూఇటూ. వెనక ట్రైలర్ గాలికి ఊగుతున్నప్పుడు మిమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టేది ఆ పొడవూ బరువూ. టెస్ట్ డ్రైవ్‌లో యాక్సిలరేటర్ తొక్కి చూస్తే తెలిసే విషయం కాదది.

ఇక పేలోడ్, అంటే బండి తన మీద మోయగలిగే బరువు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ట్రక్కు కొన్నాక బాధపడేవాళ్ళలో చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే.

డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన బాడీ మీద, టైర్ ప్రెషర్ వివరాలతో పాటు ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని కేజీలు లేదా ఇన్ని పౌండ్లు దాటకూడదు అని దాని మీద రాసి ఉంటుంది. అది బ్రోషర్ నంబర్ కాదు, ఆ ఒక్క బండికి, దాంట్లో ఫ్యాక్టరీలో వేసిన సన్‌రూఫ్, పెద్ద టైర్లు, లెదర్ సీట్లు అన్నీ లెక్కేశాక మిగిలిన నంబర్. బ్రోషర్‌లో ఉండే పెద్ద అంకె సాధారణంగా ఏ హంగులూ లేని రెండు డోర్ల వర్క్ ట్రక్కుది. మనం కొనేది నాలుగు డోర్లు, ఫోర్ వీల్ డ్రైవ్, హంగులెక్కువున్న పై ట్రిమ్, అక్కడికొచ్చేసరికి అంకె కొన్ని వందల పౌండ్లు పడిపోతుంది. సాధారణంగా మిడ్‌సైజ్ క్రూ క్యాబ్‌ల మీద 1,200 నుంచి 1,600 దాకా కనిపిస్తుంది, ఫుల్‌సైజుల మీద 1,500 నుంచి 2,000 దాకా. గమనించారా, రెండూ ఒకదాని మీదకి ఒకటి వచ్చేస్తున్నాయి. అన్ని హంగులున్న ఫుల్‌సైజ్ కంటే సాదా మిడ్‌సైజ్ ఎక్కువ మోసే సందర్భాలు నిజంగానే ఉంటాయి. ఆఫ్‌రోడ్ ట్రిములైతే, మెత్తటి సస్పెన్షన్ వల్లా అదనపు ఇనుము వల్లా, ఇంకా తగ్గుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ క్యాంపర్ సామానుతో కలిపి 5,000 పౌండ్లు అనుకోండి. బ్రోషర్‌లో రేంజర్‌కి 7,500, కొలరాడోకి 7,700 అని ఉంది కాబట్టి హాయిగా లాగేస్తుందనిపిస్తుంది. కానీ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం మీద, కిందకి నొక్కుతుంది, దాన్ని టంగ్ వెయిట్ అంటారు, అది కూడా పేలోడ్‌లోకే వస్తుంది. 5,000కి అది 500 నుంచి 750, మధ్యలో 650 అనుకుందాం. బరువు సర్దే హిచ్ పెడితే దానికొక 80. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిపి 500. బెడ్‌లో, అంటే వెనక సామాను పెట్టే తొట్టెలో, కూలర్, జనరేటర్, కుర్చీలు, బొగ్గుల బస్తా, మనవాళ్ళ వంట సామాను, బియ్యం నీళ్ళు అన్నీ కలిపి 200 అనుకున్నా తక్కువే. మొత్తం 1,430. స్టిక్కర్ మీద 1,300 ఉన్న మిడ్‌సైజ్ అయితే మీరు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే లిమిట్ దాటేశారు, టోయింగ్ నంబర్‌లో ఇంకా 2,500 పౌండ్లు మిగిలి ఉండగానే. 1,800 ఉన్న ఫుల్‌సైజ్‌కి ఇది లెక్కే కాదు, అదే ఫుల్‌సైజ్‌లో 1,400 స్టిక్కర్ ఉన్న ఖరీదైన ట్రిమ్ తీసుకుంటే మళ్ళీ మొదటికొస్తారు. అందుకే ఫుల్‌సైజ్ కొన్నాం కదా ఇంక పర్లేదు అనుకోవడం కుదరదు, ఏ ఫుల్‌సైజ్ అన్నది చూసుకోవాలి.

మరి ఆ టోయింగ్ నంబర్ ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ఎస్‌ఏఈ జె2807 అని ఒక టెస్ట్ పద్ధతి ఉంది, ఒకప్పుడు ఏ కంపెనీకి తోచింది ఆ కంపెనీ చెప్పుకునేది, దాన్ని అరికట్టడానికి తయారైన ఈ పద్ధతిని మొదట పాటించింది టయోటా, 2011 టండ్రాతో. ఆరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డ్యామ్ గ్రేడ్ అనే 11 మైళ్ళ పైచిలుకు ఎక్కుడు రోడ్డు మీద, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఏసీ వేసి, ఆగకుండా తగిన స్పీడుతో ఎక్కగలగాలి. చాలా మంచి టెస్ట్. కాకపోతే అందులో బండిలో ఉండేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మీ ఇంట్లోవాళ్ళు నలుగురూ, బెడ్‌లో సామానూ ఆ లెక్కలో లేవు. ఇంజిన్, కూలింగ్, బ్రేకులు పనికొస్తాయని ఆ నంబర్ చెప్తుంది, మీ వీకెండ్ ట్రిప్ సంగతి స్టిక్కర్ చెప్తుంది.

పొలం కొన్నవాళ్ళ లెక్క కూడా ఇలాగే వేసుకోవచ్చు. చిన్న సబ్‌కాంపాక్ట్ ట్రాక్టర్, లోడర్, గడ్డి కోసే డెక్, ట్రైలర్ కలిపి 4,000 పౌండ్ల చుట్టూ ఉంటుంది, అప్పుడప్పుడూ సర్వీసుకి తీసుకెళ్ళడానికైతే మిడ్‌సైజ్ సరిపోతుంది. ఇంకో సైజు పెద్ద ట్రాక్టర్‌కి లోడరూ వెనక పొదలు నరికే బుష్ హాగూ తగిలించి బరువైన ట్రైలర్ మీద పెడితే 6,000 దాటిపోతుంది, అక్కడ మిడ్‌సైజ్‌తో ప్రయోగాలు వద్దు. ఇక కంకర, మట్టి తోలుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఒక క్యూబిక్ యార్డ్ కంకర 2,500 పౌండ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తూగుతుంది, లోడర్‌వాడు ఒక్క బకెట్ వేస్తే పెద్ద ట్రక్కు కూడా ఓవర్‌లోడే. దానికి డెలివరీ చేయించుకోవడమే నయం, లేదా అర యార్డ్ చొప్పున తెచ్చుకోవాలి. మల్చ్ అయితే తేలిక, రెండు రకాల ట్రక్కుల్లోనూ ఇబ్బంది లేదు.

ఇప్పుడు వెనక సీటు. బ్రోషర్ల ప్రకారం వెనక లెగ్‌రూమ్ టకోమా డబుల్ క్యాబ్‌లో 33.7 ఇంచులు, కొలరాడోలో 34.7, రిడ్జ్‌లైన్‌లో 36.7, గ్లాడియేటర్‌లో 38.3. ఫుల్‌సైజ్‌కి వస్తే ఎఫ్-150 సూపర్‌క్రూలో 43.6, సిల్వరాడో క్రూ క్యాబ్‌లో 43.4, రామ్ క్రూ క్యాబ్‌లో 45 పైన. టకోమాకీ ఎఫ్-150కీ దాదాపు పది ఇంచుల తేడా. నా దృష్టిలో రెండు కేటగిరీల మధ్య ఉన్న అతిపెద్ద తేడా ఇదే, దీన్ని ఏ ఆప్షన్ ప్యాకేజీతోనూ కొనలేరు. వెనక్కి తిరిగి ఉండే ఇన్‌ఫెంట్ కార్ సీట్ టకోమాలో బిగిస్తే ముందు సీట్లో ఆరడుగుల మనిషి మోకాళ్ళు డాష్‌బోర్డ్‌కి తగులుతాయి. టీనేజ్ పిల్లలైతే రెండు గంటల ప్రయాణానికే గొణుగుతారు. ఆర్నెల్లకోసారి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని హ్యూస్టన్ తీసుకెళ్ళాలంటే వెనక వాళ్ళు కాళ్ళు చాపుకునేలా ఉండాలి కదండీ.

అలాగని పెద్దవాళ్ళకి ఫుల్‌సైజే మంచిదని కూడా గుడ్డిగా చెప్పలేం. లోపల చోటు బాగుంటుంది కానీ ఎక్కడం కష్టం, ముఖ్యంగా ఫోర్ వీల్ డ్రైవ్ అయితే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ చీరతో అంత ఎత్తు ఎక్కాలంటే రన్నింగ్ బోర్డు, లోపల పట్టుకోడానికి హ్యాండిల్ రెండూ ఉండాల్సిందే. ఈ విషయంలో రిడ్జ్‌లైన్ అన్నింటికంటే సుఖం, అది కారులాగా యూనిబాడీ మీద కట్టింది, నేలకి దగ్గరగా ఉంటుంది, వెనక సస్పెన్షన్ కూడా ఇండిపెండెంట్, బెడ్ కింద లాక్ వేసుకునే డిక్కీ ఉంటుంది. లాగేది 5,000 పౌండ్లే, కొండల్లో రాళ్ళెక్కించడానికి కాదు, కానీ సిటీలో ఉండే మన కుటుంబాల వాడకానికి అది సరిపోయినంతగా టకోమా సరిపోదని నా గట్టి అభిప్రాయం, రీసేల్ విలువ ఎంతుంటే ఏంటి, వెనక కూర్చున్నవాళ్ళు రోజూ ఇబ్బంది పడుతుంటే.

ఫుల్‌సైజ్‌లో కొన్ని ట్రిములకి ముందు కూడా ముగ్గురు కూర్చునే బెంచ్ సీట్ వస్తుంది, అలా ఆరుగురు. మిడ్‌సైజుల్లో ఎవరికీ అది లేదు. రోజూ ఆరుగురు ఎక్కే ఇల్లయితే మాత్రం ట్రక్కు కాదు, సియెన్నా లాంటి మినీవ్యాన్ కొనండి.

గరాజ్ గురించి చెప్తా. ఐదున్నర అడుగుల బెడ్ ఉన్న ఎఫ్-150 క్రూ క్యాబ్ పొడవు 232 ఇంచులు, అంటే 19 అడుగుల 4 ఇంచులు. చాలా ఇళ్ళలో రెండు కార్ల గరాజ్ లోతు 20 అడుగులు, అంటే మిగిలేది 8 ఇంచులు, అది కూడా గోడకి వాటర్ హీటరో, షెల్ఫులో, రెండో ఫ్రిజ్జో లేకపోతే. మనవాళ్ళ గరాజ్‌లో ఇవేవీ లేకపోవడం నేనెక్కడా చూళ్ళేదు. వెడల్పు 80 ఇంచులు, అద్దాలు విప్పితే 95 దాటుతుంది, 16 అడుగుల ఒకే తలుపులోంచి పక్కన ఇంకో కారుతో కలిపి పెట్టడం రోజూ పరీక్షే. గ్లాడియేటర్ తప్ప మిగతా మిడ్‌సైజులు 210 నుంచి 213 ఇంచులు, రెండడుగుల పైన చోటు మిగులుతుంది. అయితే ఆరడుగుల బెడ్ కావాలని టకోమా డబుల్ క్యాబ్ లాంగ్ బెడ్ తీసుకుంటే పొడవు దాదాపు 226కి పోతుంది, అప్పుడు చిన్న ట్రక్కు కొన్న లాభం పొడవులో పోయినట్టే. అపార్ట్‌మెంట్లో, టౌన్‌హోమ్‌లో ఉండేవాళ్ళు, రోజూ డౌన్‌టౌన్ పార్కింగ్ గరాజుల్లోకి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు దీనికి ఎక్కువ మార్కులు వెయ్యాలి. హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం, రూల్స్ కూడా చదువుకోండి, కొన్నిచోట్ల ట్రక్కుని రాత్రిపూట వీధిలో పెట్టనివ్వరు.

బెడ్ సంగతికొస్తే హోమ్ డిపోలో దొరికే ప్లైవుడ్, షీట్‌రాక్ అన్నీ 4 అడుగుల వెడల్పు, అంటే 48 ఇంచులు. ఫుల్‌సైజుల్లో వీల్ వెల్స్, అంటే బెడ్ లోపల చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉండే భాగాలు, వాటి మధ్య 48 ఇంచుల కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి షీట్ నేల మీద పడుకుంటుంది. మిడ్‌సైజుల్లో ఎక్కువ వాటిల్లో 45 ఇంచుల లోపే, వీల్ వెల్స్ మీద ఆనించి పెట్టుకోవాలి. 2024లో కొత్తగా మార్చిన రేంజర్ 48.2 ఇంచులిచ్చింది, రిడ్జ్‌లైన్‌కి మొదట్నుంచీ పడుతుంది. సొంతంగా ఇంటి పనులు చేసుకునేవాళ్ళకి ఇది పెద్ద సుఖం. సోఫా, ఫ్రిజ్, చవితికి సబ్‌డివిజన్ వినాయకుడు, ఇలాంటివాటికి రెండూ చాలు.

అసలు మిడ్‌సైజులు ఇంత పెద్దవి ఎందుకయ్యాయి, చిన్న చవక ట్రక్కులు అమెరికాలో ఎందుకు దొరకవు అని చాలామందికి అనుమానం. దీని వెనక కోళ్ళ గొడవ ఉంది, నిజంగానే. 1962లో యూరప్ కామన్ మార్కెట్ అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచింది, దానికి బదులుగా 1963 డిసెంబర్లో ప్రెసిడెంట్ జాన్సన్ బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, లైట్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశారు. మిగతావన్నీ తర్వాత పోయాయి, ట్రక్కుల మీదది మాత్రం ఉండిపోయింది. అందుకే థాయ్‌లాండ్‌లో తయారయ్యే హైలక్స్ ఇక్కడికి రాదు, దాని బదులు 1995 నుంచి టకోమా అమ్ముతున్నారు. దానికి తోడు గత పదిహేనేళ్ళుగా మైలేజ్ రూల్స్ బండి చక్రాల మధ్య విస్తీర్ణాన్ని బట్టి పెట్టారు, బండి ఎంత పెద్దదైతే టార్గెట్ అంత తేలిక, ఇంక చిన్నది చెయ్యాలని కంపెనీకి ఎందుకుంటుంది? ఇవాళ్టి మిడ్‌సైజ్ క్రూ క్యాబ్ 1990ల నాటి రెండు డోర్ల షార్ట్ బెడ్ ఫుల్‌సైజ్ కంటే పొడవు. మిడ్‌సైజ్ కొంటే రాజీపడుతున్నామని ఎవరైనా బాధపడుతుంటే ఇది గుర్తుచేసుకోవాలి.

గ్యాస్, అంటే పెట్రోల్, ఖర్చులో తేడా మనం అనుకునేంత లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ టకోమా, 2.7 ఎఫ్-150 మధ్య గ్యాలన్‌కి ఒకటి రెండు మైళ్ళే. ఏడాదికి 12,000 మైళ్ళు నడిపితే 20 మైళ్ళ బండికి 600 గ్యాలన్లు, 22 మైళ్ళ బండికి 545. గ్యాలన్ 3 డాలర్లయితే ఏడాదికి 165 డాలర్ల తేడా. దానికోసం వెనక సీట్లో పది ఇంచులు వదులుకోవాలా అన్నది మీరే చూసుకోండి. కొనే ధరలో మాత్రం జాగ్రత్త, కింది ట్రిముల్లో మిడ్‌సైజ్ కొన్ని వేల డాలర్లు తక్కువే, కానీ టకోమా టీఆర్‌డీ ప్రో లాంటి పై ట్రిములు 60,000 డాలర్లు దాటేశాయి, ఆ డబ్బుకి ఫుల్‌సైజ్‌లో మంచి ట్రిమ్ వస్తుంది. ఇసకలో రాళ్ళలో నిజంగా తిరిగేవాళ్ళకి తప్ప ఆ డబ్బు అక్కడ పెట్టడం నాకు నచ్చదు.

ఇంకొక విషయం, దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ నాకు చాలా ముఖ్యం. ముందు బానెట్ ఎత్తు. ఐఐహెచ్‌ఎస్ అనే ఇన్సూరెన్స్ సంస్థల పరిశోధన విభాగం 2023లో ఒక స్టడీ ఇచ్చింది, బానెట్ 40 ఇంచుల కంటే ఎత్తున్న బండ్లు పాదచారుల్ని గుద్దితే ప్రాణం పోయే అవకాశం, 30 ఇంచులో అంతకంటే తక్కువో ఎత్తుతో ముందుకి వాలుగా ఉండే కార్లతో పోలిస్తే, దాదాపు 45 శాతం ఎక్కువ అని. చాలా ఫుల్‌సైజ్ ట్రక్కులు ఆ గీత దాటతాయి, కొన్ని మిడ్‌సైజులు కూడా. మన సబ్‌డివిజన్లలో సాయంత్రమైతే పిల్లలు సైకిళ్ళతో రోడ్డు మీదే ఉంటారు, మూడేళ్ళ పిల్లాడు ఆ బానెట్ ముందు నిలబడితే డ్రైవర్ సీట్లోంచి అస్సలు కనపడడు. ఫుల్‌సైజ్ తీసుకుంటే ముందు కెమెరా, 360 కెమెరా ఉన్నదే తీసుకోండి, లిఫ్ట్ కిట్ వేయించకండి. దీని మీద బేరం వద్దు.

సొంత బిజినెస్ ఉన్నవాళ్ళకి టాక్స్ కోణం కూడా ఉంది. ట్రక్కు మొత్తం బరువు రేటింగ్ 6,000 పౌండ్లు దాటి, వాడకంలో సగానికి పైగా బిజినెస్‌కే అయితే సెక్షన్ 179 కింద డిడక్షన్‌కి దారి ఉంది, కానీ బెడ్ లోపలి పొడవు కనీసం 6 అడుగులుంటేనే ఎస్‌యూవీలకి పెట్టిన పరిమితి దానికి వర్తించదు. అందరూ కొనే ఐదున్నర అడుగుల బెడ్‌కి ఆ వెసులుబాటు లేదు, ఆరున్నర అడుగులదానికి ఉంది. డీలర్ దగ్గర సంతకం పెట్టేముందే మీ టాక్సులు చూసే సీపీఏతో మాట్లాడండి, తర్వాత బెడ్ పొడవు మార్చలేం.

ఇదంతా అయ్యాక నా సలహా ఇది. వెనక సీట్లో వారానికి మూడు నాలుగు సార్లైనా పెద్దవాళ్ళు గానీ పిల్లల కార్ సీట్లు గానీ ఉంటే, లేదా 5,000 పౌండ్లకి దగ్గర్లో ఏదైనా కుటుంబంతో కలిసి లాగేది ఉంటే ఫుల్‌సైజ్, అందులోనూ మధ్య ట్రిమ్. ఎక్కువగా ఒకరో ఇద్దరో తిరిగి, గరాజ్ చిన్నదై, ట్రయిల్స్‌కి వెళ్ళే అలవాటుంటే మిడ్‌సైజ్. ఏడాదికి రెండుసార్లు మల్చ్, ఒకసారి సోఫా తప్ప ఇంకేం పనిలేకపోతే రెండూ వద్దు, ఫోర్డ్ మావరిక్ హైబ్రిడ్ చూడండి, పొడవు 200 ఇంచుల లోపే, లేదంటే ఆ రెండు రోజులకీ హోమ్ డిపోలో ట్రక్కు అద్దెకి తెచ్చుకోండి. ఇంకా తేలకపోతే ఒక వీకెండ్ ఫుల్‌సైజ్ అద్దెకి తీసుకుని, కార్ సీట్లు బిగించి, కాస్ట్‌కో పార్కింగ్‌లో తిప్పి, రాత్రికి మీ గరాజ్‌లో తలుపు పడుతుందో లేదో చూడండి. డీలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ ఇంట్లో అందరి బరువూ, సామాను బరువూ, టంగ్ వెయిటూ కూడిన ఒక్క అంకె కాగితం మీద రాసుకెళ్ళి, కొనబోయే ఆ బండి డోరు తీసి, స్టిక్కర్ ఫొటో తీసుకుని, రెండు అంకెల మధ్య కనీసం 200 పౌండ్లు మిగులుతాయో లేదో చూసుకున్నాకే ధర మాట్లాడండి.